‘రుజువైనది’ అను మాట: బస్తరు చరిత్రనుండి ఒక పరిశీలన

ప్రభుత్వోద్యోగమున కాలము గడపు మనకు ‘రుజువైనది’ అను మాట మిక్కిలి పరిచితము. దస్త్రము చివర ఆ ఒక్క మాట వ్రాసి, క్రింద సంతకము చేసి, తేదీ వేసినంతనే ఒక కుటుంబము గతి మారిపోవుట మనలో అనేకులు చూచియే యుందురు. వ్రాయుటకు అర నిమిషము చాలును. వ్రాయవచ్చునా కూడదా అని నిర్ణయించుటకు ఎంతకాలము కావలెను? ఈ ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక కార్యాలయమున నేను శాఖాపరమైన విచారణ జరుపవలసి వచ్చినది. కంప్యూటరు సామాను గల పెట్టె యొకటి కనబడకపోయెను. నింద ఒక అటెండరుపై పడినది. అతడు శ్రీకాకుళము ప్రాంతమువాడు. ఆ పెట్టెను తానే తీసికొంటినని హిందీలో వ్రాసిన వాఙ్మూలము క్రింద అతని వ్రేలిముద్ర యున్నది. ఒప్పుకోలు చేతిలో నుండగా ఇక విచారణయేమున్నదని తోచి, నివేదిక ముసాయిదాలో ‘రుజువైనది’ అని వ్రాసికొంటిని. మరునాడు ఏల తోచెనో, అతనిని పిలిచి తెలుగులో అడిగితిని. “నానే తీసికెల్లినాను బాబూ. పెద్దయ్యగారి గదిలో పెట్టమన్నారు, పెట్టినాను” అనెను. తీసికొనుట వేరు, తీసికొనిపోవుట వేరు. పెట్టె ఆ గదిలోనే, పాత అలమారు వెనుక దొరకినది. నేను కొట్టివేసిన ఆ ఒక్క మాట నేటికిని నా కన్నులయెదుట నిలిచియున్నది.

ఆ తరువాత కార్యార్థము బస్తరు ప్రాంతమునకు పోవలసివచ్చి, అచ్చటి న్యాయచరిత్రను గురించి చదివినపుడు, నా చిన్న అనుభవమే అచ్చట మానవుల ప్రాణములతో ముడిపడి పెద్దదై కనిపించెను. ఆ చదివినదానిని, దానివలన కలిగిన ఆలోచనను సంఘ సభ్యులముందు ఉంచుచున్నాను.

బస్తరు మనకు పరాయిభూమి కాదు. విశాఖపట్టణమున రైలెక్కి, అరకు లోయ దాటి, కోరాపుట్టుమీదుగా పోయినచో జగదల్పూరు చేరుదుము. ఆ మార్గముననే బైలడిల్లా ఇనుపరాయి మన రేవునకు దిగివచ్చును. బస్తరు నడుమ ప్రవహించు ఇంద్రావతియు, దాని తూర్పు సరిహద్దున పారు శబరియు తుదకు మన గోదావరిలోనే కలియును. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఈ అడవులకు వచ్చి రాజ్యము స్థాపించెనని అచ్చటి రాజవంశపు ఐతిహ్యము. దంతేశ్వరీదేవి ఆ వంశమునకు ఇలవేలుపు. ఆ సంస్థానము 1948 జనవరి 1న మధ్యపరగణాలలో విలీనమై, తరువాత మధ్యప్రదేశమున ఒక జిల్లాగా నిలిచినది. ఆ జిల్లా ఒక్కటియే వైశాల్యమున కేరళ రాష్ట్రముకంటె కొంచెము పెద్దది. 2000 నవంబరు 1న అది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో చేరినది. నేడు అది ఏడు జిల్లాలుగా విభక్తమైయున్నది.

కోంటా, భోపాలపట్నము ప్రాంతములలో తెలుగు వినబడును. లోపలి అడవులలోని మారియా, మురియా జనులు మాటలాడునది గోండీ. అది మన తెలుగునకు దూరపు చుట్టముకాదు, దగ్గరి సోదరియే. ఐనను సోదరీభాషలు ఒక్కొక్కప్పుడు ఎక్కువ భ్రమ గొలుపును. గోండీలో ‘ఏర్’ అనగా నీరు. మనకు ‘ఏరు’ అనగా పారెడు ప్రవాహము. విన్నవాడు తనకు అర్థమైనదని తలచును. చెప్పినవాడు చెప్పినది మాత్రము వేరు. మిగిలిన భాషల మాట చెప్పనేల? సంస్థానకాలమున కొండమనిషి గోండీలో చెప్పినది హల్బీలోనికో హిందీలోనికో మారి, తుదకు ఇంగ్లీషు కాగితమున స్థిరపడెడిది. ఆ కాగితమును చూచియే శిక్ష నిర్ణయింపబడెడిది.

ఇచ్చట న్యాయశాస్త్రపు మూలసూత్రమును కొంత చెప్పుకొనవలెను. నేరవిచారణలో ముద్దాయి నేరము సహేతుకమైన సందేహమునకు తావులేకుండ రుజువు కావలెనని అందరు నెరుగుదురు. చిత్రమేమనగా ఈ మాటలు మన 1872 నాటి సాక్ష్య చట్టములో ఎచ్చటను లేవు. సర్ జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ రచించిన ఆ చట్టము, ఒక విషయము ఉన్నదని న్యాయస్థానము నమ్మినపుడుగాని, లేదా వివేకవంతుడు దానిని ఉన్నదానిగా భావించి నడచుకొనదగినంత సంభావ్యముగా తోచినపుడుగాని, అది రుజువైనట్లు ఎంచవలెనని మాత్రమే నిర్వచించినది. ఆ చట్టము స్థానమున 2024 జూలై 1నుండి క్రొత్త సాక్ష్య చట్టము అమలులోనికి వచ్చినను, ఈ నిర్వచనపు సారాంశము మారలేదు. నేరవిచారణలో వివేకవంతుడు ఎంతటి నిశ్చయము కోరవలెనో, ఆ కొలతను న్యాయమూర్తులే తీర్పులద్వారా స్థిరపరచిరి.

ఆ కొలతను స్పష్టముగా చాటిన తీర్పు ఆంగ్లదేశమున 1935లో వెలువడినది. రెజినాల్డ్ వుల్మింగ్టన్ అను ఇరువదియొక్క సంవత్సరముల వ్యవసాయపు కూలీ, పుట్టినింటికి పోయిన తన యువభార్యను తుపాకితో కాల్చెనని అభియోగము. తాను చచ్చెదనని బెదరించి ఆమెను మరలించుకొనుటకే తుపాకి తెచ్చితిననియు, అది పొరపాటున ప్రేలెననియు అతడు చెప్పెను. మొదటి విచారణలో జూరీ ఏకాభిప్రాయమునకు రాలేదు. రెండవ విచారణలో న్యాయాధిపతి జూరీకి ఉపదేశించుచు, చంపినది అతడేయని తేలినచో, అది హత్య కాదని చూపించు భారము అతనిదేయని చెప్పెను. జూరీ అతనిని దోషియనెను, మరణశిక్ష పడినది. ప్రభువుల సభ ఆ శిక్షను కొట్టివేసి, ముద్దాయి దోషమును రుజువుచేయు భారము ఆసాంతము ప్రభుత్వపక్షముదేయని నిర్ణయించెను. లార్డ్ సాంకీ ఆ సూత్రమును ఆంగ్ల నేరస్మృతియందంతట కనబడు బంగారు పోగుతో పోల్చెను. ఒక కూలివాని మెడ ఉరినుండి తప్పినది క్రొత్త సాక్షి వచ్చుటవలన కాదు. జూరీకి చెప్పిన ఒక వాక్యము తప్పని తేలుటవలన.

జూరీ యనగా చట్టము చదువని పౌరులు. వారికి చట్టమును విప్పి చెప్పవలసినవాడు న్యాయాధిపతి. సాక్ష్యమును క్రోడీకరించి, ఏది రుజువు కావలెనో, ఎవరు రుజువు చేయవలెనో, ఎంతవరకు చేయవలెనో, సందేహమున్నచో ఏమి చేయవలెనో ఆయన వారికి సుబోధముగా చెప్పవలెను. ఆ ఉపదేశమున పొరపాటున్నచో తీర్పే పెకలిపోవును. కాని ఆంగ్లేయుల పాలనలో మన దేశమంతటను జూరీ లేదు. ప్రభుత్వము ప్రకటించిన జిల్లాలలో మాత్రమే అది నడచినది. మిగిలినచోట్ల సెషన్సు జడ్జి ప్రక్కన అసెసర్లు కూర్చుండెడివారు. వారు తమ అభిప్రాయము చెప్పవచ్చును. జడ్జి దానిని పాటింపనక్కరలేదు. బస్తరువంటి సంస్థానములలో ఆ సంస్థానపు న్యాయస్థానములే విచారణ జరిపెడివి.

ఇట్టి న్యాయస్థానముల దస్త్రములను దుమ్ముదులిపి చదివిన మహనీయుడు వెరియర్ ఎల్విన్. ఆక్స్‌ఫర్డులో చదివి, భారతదేశమునకు వచ్చి, గిరిజనులమధ్యనే జీవితము గడపి, తుదకు భారత పౌరుడైన ఆ పండితుడు 1940 ప్రాంతమున బస్తరులో నివసించెను. అతనికి పూర్వము, 1927నుండి 1931వరకు సంస్థాన పరిపాలకుడుగా నుండిన గ్రిగ్సన్, బస్తరు మారియా గోండులనుగూర్చి 1938లో ఒక గొప్ప గ్రంథము ప్రకటించెను. నాట్యవేళ అడవిదున్న కొమ్ములు తలపై ధరించు మారియాలను కొండ మారియాలనుండి వేరుపరచి వర్ణించినది ఆ గ్రంథమే. ఈ కొమ్ముల మారియాలలో హత్యలు ఎక్కువ యను మాట అధికారులలో ప్రబలియుండెను. అది ఏల యని ఎల్విన్ తరచి చూచెను. నూరు హత్యలను, ఏబది ఆత్మహత్యలను ఏర్చి, న్యాయస్థాన దస్త్రములు చదివి, గ్రామములకు పోయి, జగదల్పూరు కారాగారమున ఖైదీలతో మాటలాడి, 1943లో మారియాల హత్యలను, ఆత్మహత్యలను గురించిన గ్రంథము వెలువరించెను.

ఒక ప్రభుత్వపు దస్త్రము మనకు చెప్పునది ఎంతటిదో, చెప్పక విడుచునది ఎంతటిదో తెలిసికొనగోరువారు ఆ గ్రంథమును చదువవలెను. దస్త్రములో గొడ్డలి యుండును. గాయపు కొలత యుండును. ముద్దాయి ఒప్పుకోలు ఉండును. ఆ రాత్రి ఇంటిలో జరిగిన మాట మాత్రము ఉండకపోవచ్చును. ఎల్విన్ గ్రామమునకు పోయి అడిగినపుడు ఆ మాట బయటపడెడిది. మద్యము, భార్యాభర్తలమధ్య అనుమానము, భూమి తగవు, బంధువుల కలహము, తమకు ఎవరో చేతబడి చేసిరను భయము—ఇవి ఆ హత్యల వెనుక తరచుగా కనిపించిన కారణములు. లాభముకొరకు ముందుగా పన్నాగము పన్ని చంపుటకంటె, క్షణికమైన ఆవేశమున చేతికందిన ఆయుధము ఎత్తుటయే వారిలో ఎక్కువగా కనిపించును.

మరియొక విశేషము. ఆ మారియాలలో అనేకులు నేరమును దాచుటకు యత్నించియుండలేదు. చేసితినని చెప్పిరి. పట్టణపు నేరస్థుడు వకీలు చెప్పినట్లు మాట మార్చుచుండగా, ఈ అడవిమనిషి ఉన్నదున్నట్లు చెప్పుట చూచి అధికారులు ఆశ్చర్యపడిరి. పనియు సులువైనది. ఒప్పుకోలున్నది, శవమున్నది, గొడ్డలియున్నది. ఇక రుజువునకు కొరతయేమి?

ఇచ్చటనే మనము నిలిచి ఆలోచింపవలెను. చేయి చేసినపనిని ముద్దాయి ఒప్పుకొనెను. మనస్సు చేసినపనిని ఎవరు చెప్పవలెను? మన శిక్షాస్మృతిలో మనిషిని చంపుట అంతయు ఒకటే నేరము కాదు. చంపవలెనను తలంపుతో చంపుట హత్య. తీవ్రముగను ఆకస్మికముగను రెచ్చగొట్టబడి, మనస్సు అదుపు తప్పిన క్షణమున చంపినచో అది హత్యకాని నరహత్య. మొదటిదానికి ఉరికంబమో యావజ్జీవ శిక్షయో. రెండవదానికి అంతకంటె తక్కువ శిక్ష. ‘నేనే చంపితిని’ అను వాక్యము ఈ రెంటిలో దేనికి రుజువు? ఆ వాక్యముమాత్రమే దేనికిని చాలదు. అందువలననే మరణశిక్షకు తగిన నేరములలో ముద్దాయి ఒప్పుకొనినంతమాత్రమున శిక్షింపక సాక్ష్యము విచారించుట మన ఉన్నత న్యాయస్థానములు బహుకాలముగా నిలిపిన ఆచారము. పోలీసులయెదుట చేసిన ఒప్పుకోలు ముద్దాయిపై రుజువుగా చెల్లదని 1872 చట్టమే శాసించినది. మేజిస్ట్రేటు ఒప్పుకోలు వ్రాసికొనుటకు ముందు, ‘నీవు చెప్పనక్కరలేదు, చెప్పినచో నీకు వ్యతిరేకముగా వాడబడవచ్చును’ అని ముద్దాయికి విప్పి చెప్పవలెనని నేరవిచారణ స్మృతి ఆజ్ఞాపించినది. ‘విప్పి చెప్పుట’ యనగా ముద్దాయికి బోధపడునట్లు చెప్పుటయే. గోండీ తప్ప వేరుభాష ఎరుగని మనిషికి ఇంగ్లీషు ఫారము చదివి వినిపించినచో విప్పి చెప్పినట్లు కాదు.

ఇక రెచ్చగొట్టబడుట యను విషయము. ఎంతటి మాటకు, ఎట్టి చర్యకు ఒక మనిషి మనస్సు అదుపు తప్పును? పట్టణమున పెరిగిన న్యాయాధిపతికి ‘ఇంత చిన్న మాటకా?’ అనిపించునది, మారియా గ్రామమున ప్రాణాంతకమైన అవమానము కావచ్చును. చేతబడి చేయుదువను నింద మనకు మూఢవిశ్వాసము. అచ్చట అది నిజమైన భయము. ఆ భయము తప్పు కావచ్చును, ఆ నమ్మకము తొలగవలసినదే కావచ్చును. కాని ఆనాటి ఆ మనిషి మనస్సులో ఏమున్నదో తెలిసికొనక, అతని మనస్సునుగూర్చి ‘రుజువైనది’ అని వ్రాయుట ఎట్లు?

ఈ ప్రశ్నకు సమాధానము అడవినుండి కాదు, అరేబియా సముద్రతీరమునుండి వచ్చినది. దానిని వ్రాసినవాడు మన తెలుగువాడు. 1959 ఏప్రిల్ 27న బొంబాయిలో నౌకాదళాధికారి కమాండర్ కవాస్ నానావతి, తన భార్యతో సంబంధము పెట్టుకొనిన ప్రేమ్ ఆహూజాను కాల్చిచంపిన సంగతి దేశమంతట మార్మ్రోగినది. పెనుగులాటలో పొరపాటున రివాల్వరు ప్రేలినదని ముద్దాయి వాదము. తొమ్మిదిమంది జూరీలో ఎనిమిదిమంది అతడు నిర్దోషి యనిరి. సెషన్సు జడ్జి ఆ అభిప్రాయముతో ఏకీభవింపక కేసును హైకోర్టునకు నివేదించెను. హైకోర్టు జూరీకి చేసిన ఉపదేశములోనే దోషములున్నవని తేల్చి, తానే సాక్ష్యము పరిశీలించి యావజ్జీవ శిక్ష విధించెను. 1961 నవంబరు 24న సుప్రీంకోర్టు దానిని స్థిరపరచెను. ఆ తీర్పు వ్రాసినవారు జస్టిస్ కోకా సుబ్బారావుగారు. రాజమహేంద్రవరమున 1902లో జన్మించి, 1954లో గుంటూరున వెలసిన ఆంధ్ర హైకోర్టునకు ప్రథమ ప్రధాన న్యాయమూర్తియై, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి పదవి నధిష్ఠించిన ప్రజ్ఞాశాలి ఆయన.

ఆ తీర్పులో మన ప్రస్తుత విషయమునకు సంబంధించినవి మూడు సంగతులు కలవు. మొదటిది, పొరపాటున జరిగినదను వాదము తెచ్చినపుడు దానిని చూపించు భారము ముద్దాయిపై నున్నదని జడ్జి జూరీకి విప్పి చెప్పకపోవుట పెద్ద లోపము. రెండవది, ఆ భారము ముద్దాయిపై నున్నను, నేరపు మూలాంశములను సందేహమునకు తావులేకుండ రుజువుచేయు భారము ప్రభుత్వపక్షమునుండి ఎన్నడును తొలగదు. ముద్దాయి తన వాదమును పూర్తిగా నిలుపలేకపోయినను, అతడు చూపినదానివలన నేరపు మూలాంశములయందు సహేతుకమైన సందేహము కలిగినచో ఆ సంశయలబ్ధి అతనిదే. ఈ రెండు భారములను ఒకదానితో నొకటి కలిపివేయక, రెంటికిని తగినచోటు చూపించుట ఆ తీర్పులోని ప్రతిభ. మూడవది, రెచ్చగొట్టబడుటకు కొలబద్ద. ముద్దాయి ఏ సంఘమునకు, ఏ వర్గమునకు చెందినవాడో, ఆ వర్గపు సామాన్య వివేకవంతుడు అట్టి పరిస్థితిలో చిక్కినచో అదుపు తప్పునా యనునదే చూడవలెనని ఆయన నిర్ణయించిరి. నానావతి విషయమున, భార్య చెప్పిన మాట విన్నప్పటినుండి కాల్పులవరకు మూడు గంటలకు దగ్గరగా కాలము గడచినది. ఆ నడుమ ఆయన కుటుంబమును సినిమావద్ద దింపి, ఓడకు పోయి రివాల్వరు తెచ్చుకొనెను. కావున ఆకస్మికావేశమను వాదము నిలువలేదు.

ఒక నౌకాదళాధికారి కేసులో వ్రాసిన ఈ మూడవ సూత్రము బస్తరు అడవికి ఎంత చక్కగా అన్వయించునో పాఠకులు గమనింతురుగాక. ‘ముద్దాయి వర్గపు వివేకవంతుడు’ ఎవడో తెలియవలెనన్నచో ఆ వర్గమును ఎరుగవలెను. నౌకాదళాధికారిని బొంబాయి న్యాయమూర్తులు ఎరుగుదురు. వారి భాష ఒకటి, చదువు ఒకటి, చదివెడు పత్రికలును ఒకటియే. ఆయన పక్షమున పత్రికలు వ్రాసెను, ప్రజలు గుమిగూడిరి; తుదకు 1964లో క్షమాభిక్షయు లభించెను. మారియా కర్షకుని ఎవరెరుగుదురు? ఎల్విన్ వంటివాడొక్కడు గొడ్డలివెనుక మనిషిని చూపించుటకు నూరు దస్త్రములను వెదకవలసి వచ్చెను. సుబ్బారావుగారి తీర్పునకు పదునెనిమిది సంవత్సరములకు పూర్వమే వెలువడిన ఆ గ్రంథము, ఆ సూత్రమునకు ముందుగా సమకూర్చిన సాక్ష్యమువలె నాకు తోచినది.

నానావతి కేసుతోనే జూరీ విధానము అంతరించెనని చెప్పుట వాడుక. అది పూర్తిగా సరికాదు. అంతకుముందే, 1958లో, సెతల్వాడ్ అధ్యక్షతనున్న లా కమిషను జూరీని తొలగింపవలెనని సూచించియుండెను. అసెసర్ల పద్ధతి 1955 సవరణతోనే పోయినది. కొన్నిచోట్ల జూరీ తరువాతను కొంతకాలము నడచి, 1973 నేరవిచారణ స్మృతిలో చోటు లేక మరుగుపడినది. నేడు నేరవిచారణలో న్యాయాధిపతి ఒక్కడే. తనకు తానే ఉపదేశము చేసికొనవలెను. తనకు తానే జూరీ కావలెను. పూర్వము ఆ ఉపదేశమును నలుగురు వినెడివారు, తప్పున్నచో పై న్యాయస్థానము ఎత్తిచూపెడిది. నేడు తీర్పులో వ్రాసిన కారణములే ఆ ఉపదేశమునకు ప్రతి. అందువలన ‘రుజువైనది’ అను ముగింపుకంటె, అచ్చటికి చేరిన మార్గమును చూపించు వాక్యములే ముఖ్యములు.

బస్తరు ఇటీవలి చరిత్రలోనే ఇందుకొక దృష్టాంతము కలదు. 2017 ఏప్రిల్ 24న సుక్మా జిల్లాలోని బుర్కాపాల్ వద్ద మావోయిస్టులు జరిపిన దాడిలో కేంద్ర రిజర్వు పోలీసు దళమునకు చెందిన ఇరువదియైదుగురు వీరమరణమందిరి. వారు మనవలెనే కేంద్రప్రభుత్వ సేవకులు. వారి కుటుంబముల దుఃఖము మన దుఃఖమే. ఆ దాడికి తోడ్పడిరను అభియోగముతో పరిసర గ్రామముల గిరిజనులు పలువురు బంధితులైరి. 2022 జూలైలో ప్రత్యేక న్యాయస్థానము నూట ఇరువదియొక్కరిని నిర్దోషులుగా విడిచిపెట్టెను. దాడిలో వారికి పాత్ర గలదని చూపుటకు తగిన సాక్ష్యము లేదని తేలినది. కాని అప్పటికి వారిలో అధికులు సుమారు ఐదు సంవత్సరములు కారాగారమున గడపియుండిరి.

కొందరు ఇట్టి తీర్పును చూచి, ‘అంతటి ఘోరమునకు ఎవరికిని శిక్ష లేదా?’ అని కోపింతురు. ఆ కోపము సహజము. కాని నిర్దోషిని శిక్షించుటవలన మృతులకు న్యాయము జరుగదు. అసలు దోషి నవ్వుకొనును. సందేహమునకు తావులేని రుజువు కోరుట దోషిపై దయకాదు, హతునియెడ గౌరవమే. మరియొక సంగతి. తుది తీర్పులో కొలబద్ద ఎంత సూక్ష్మమైనదైనను, అచ్చటికి చేరుటకు ఐదు సంవత్సరములు పట్టినచో, విడుదలైనవాని పొలము బీడుపడును, పిల్లల చదువు చెడును. రుజువు కొలత సరిగానుండుట ఎంత ముఖ్యమో, తూనిక త్వరగా జరుగుటయు అంత ముఖ్యము.

ఇక మన గృహమునకు, అనగా మన కార్యాలయములకు వత్తము. శాఖాపరమైన విచారణలో ఇంతటి రుజువు అవసరములేదని మనమెరుగుదుము. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును ఒక పోలీసు సబ్ ఇన్‌స్పెక్టరునకును జరిగిన వ్యాజ్యములో 1963లో సుప్రీంకోర్టు ఈ భేదమును స్పష్టపరచినది. నేరవిచారణ నియమము శాఖావిచారణకు వర్తింపదు. నియమానుసారముగా జరిగిన విచారణలో ఆధారమున్నచో చాలును. అదే సంవత్సరమున మరియొక కేసులో ఆ న్యాయస్థానమే, శాఖావిచారణలో సైతము కేవలానుమానము రుజువుయొక్క స్థానమును ఆక్రమింపరాదని హెచ్చరించెను. మొదటి తీర్పును మనము తరచుగా ఉదాహరింతుము. రెండవదానిని మరచుట సులువు.

ఉరిశిక్ష వ్రాయు కలము మన చేతిలో లేదు. ఐనను పదోన్నతి ఆపు కలము, పింఛను తగ్గించు కలము, ఒక గృహస్థుని పరువు తీయు కలము మన చేతిలో నున్నవి. ఆ కలము ఎత్తుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలు జూరీకి న్యాయాధిపతి చెప్పవలసినవే: ఏది రుజువు కావలెను? ఎవరు రుజువు చేయవలెను? ఆ ఒప్పుకోలు ఏ భాషలో అడుగబడినది, ఏ భాషలో చెప్పబడినది? నేను అతని స్థితిని ఎరుగుదునా, లేక నా స్థితినే అతనికి అంటగట్టుచున్నానా?

నేను విచారించిన ఆ అటెండరు పదవీవిరమణ చేసి స్వగ్రామము పోయెను. పోవునాడు నా గదికి వచ్చి, “ఎల్లొస్తాను బాబూ” అని చేతులు జోడించెను. తాను ఎంతవరకు పోయి తిరిగివచ్చెనో అతనికి తెలియదు. నాకు తెలియును. ఆ ముసాయిదాలో నేను కొట్టివేసిన మాట ఒక్కటే. కాని నా తెలుగు అతని తెలుగునకు తోడుపడకున్నచో అది కొట్టివేయబడియుండెడిది కాదు. దూరదేశమున ఉద్యోగములు చేసికొనుచు, సంవత్సరమున కొన్నిమారులు కూడి మాతృభాషలో మాటలాడుకొను మనకు, భాష సంబరమునకు మాత్రమే కాక న్యాయమునకును ఉపకరణమని గుర్తుండుగాక. తనవారి మాట తాను వినగలవాడు పరులమాట వినుటకును ఓపిక నేర్చును. బస్తరు అడవులలో దుబాసీ నోట మారిపోయిన మాటలెన్నియో మనము ఇక వినలేము. రేపు మన మేజాబల్లపైకి రాబోవు దస్త్రములోని మాటనైనను సరిగా వినుట మన వశములో నున్నది.